వెడల్పైన తెర – ఇరుకైన పుట

కంప్యూటరు తెరలు నానాటికి వెడల్పగుచున్నవి. ఒకప్పుడు బల్లపై చదరపు పెట్టెవలె కూర్చుండిన తెర నేడు సినిమా తెరవలె అడ్డముగా సాగినది. కాని అట్టి తెరపై ఒక విజ్ఞానసర్వస్వమునో, ఒక వార్తాపత్రికనో తెరచి చూచినచో వింతయైన దృశ్యము కనబడును. అక్షరములన్నియు నడుమ ఒక పట్టెలో ఇమిడియుండును; ఇరుప్రక్కల స్థలము ఖాళీగా నుండును. ఎకరము పొలము కొని నడుమ నాలుగు చాళ్ళు మాత్రము దున్ని విడిచినట్లున్నదని చూచినవారికి తోచును. డబ్బు పెట్టి కొన్న తెరలో సగము వృథా యగుచున్నదన్న ఫిర్యాదు ఇందుండియే పుట్టినది.

ఈ ఖాళీ అజాగ్రత్త వలన ఏర్పడినది కాదు, తెలిసి విడిచినది. విడిచినవారు చెప్పు కారణము పాఠకుని కంటికి సంబంధించినది. ఆ కారణమెంతవరకు నిలుచును? ఆ కారణమును ఆచరణలో పెట్టినవారు దానిని సక్రమముగా పాటించిరా? ఈ రెండు ప్రశ్నలను వేర్వేరుగా విచారింపవలెను. ఒక సూత్రము మంచిదైనంత మాత్రమున దాని అమలు మంచిది కానక్కరలేదు.

వివాదమునకు గురియైన మార్పు

ఇందుకు మంచి ఉదాహరణము వికీపీడియా. 2010 నుండి ఆంగ్ల వికీపీడియా ఒకే విధమైన రూపములో ఉండెడిది. ఆ రూపమున వ్యాసములోని పంక్తికి పైహద్దు లేదు. కిటికీ ఎంత వెడల్పైన పంక్తియు అంత సాగును. 2019లో ఈ రూపమును సంస్కరించు పని ప్రారంభమై, 2020లో ఫ్రెంచి వికీపీడియా మున్నగువానియందు మొదట ప్రయోగింపబడి, 2023 జనవరి 18వ తేదీన ఆంగ్ల వికీపీడియాలో అమలునకు వచ్చెను. ఈ కొత్త రూపమునకు ‘వెక్టర్ 2022’ అని పేరు. ఇందు వ్యాసభాగపు వెడల్పును సుమారు 960 పిక్సెళ్ళకు కట్టడి చేసిరి. పిక్సెలనగా తెరపై వెలుగు ఒక చుక్క. నేడు సామాన్యముగా వాడబడు తెరలు పెక్కింట అడ్డముగా 1,920 చుక్కలుండును. అనగా తెరలో సగము మాత్రమే వ్యాసమునకు దక్కినది.

వెంటనే నిరసన చెలరేగెను. పాత రూపమునకు మరలవలెనా వద్దా యని జరిగిన చర్చలో మరలవలెనన్న వారే సంఖ్యలో అధికులు. అయినను ఏకాభిప్రాయము కుదరనందున కొత్త రూపమే నిలిచెను. నిరసనకారులు చూపిన దోషములలో ముఖ్యమైనది ఈ ఇరుకు వెడల్పే. లక్షలాది విద్యార్థులు ప్రతిదినము చదువు పుట యగుటచేత, ఇది కేవలము అలంకారమునకు సంబంధించిన జగడము కాదు. చదువునకు సంబంధించిన విషయము.

కన్ను నడచు తీరు

చదువునపుడు కన్ను పంక్తి వెంట నీటివలె జారుచుండునని చాలమంది తలంతురు. అది నిజము కాదు. 1878-79 ప్రాంతమున పారిస్ నగరములో లూయీ ఎమీల్ జావాల్ అను నేత్రవైద్యుడు, చదువరి కన్ను చిన్న చిన్న దుముకులతో సాగునని వెల్లడించెను. కన్ను ఒకచోట ఆగును, దుముకును, మరల ఆగును. ఒక్కొక్క ఆగుదల సామాన్యముగా సెకనులో నాలుగవ వంతు. ఆంగ్లమును చదువునపుడు ఒక్కొక్క దుముకు ఏడు మొదలు తొమ్మిది అక్షరముల దూరము. దుముకునకు పట్టు కాలము సెకనులో వెయ్యవ వంతులు ఇరువది నుండి నలుబది వరకు మాత్రమే. దుముకు జరుగుచున్న క్షణమున కంటికి అక్షరములు తెలియవు, ఆగినప్పుడే తెలియును. నూరు దుముకులలో పది పదునైదు వెనుకకు వేయునవి. తెలియని మాటను మరల చూచుటకు వేయునవి.

ఇట్లు దుముకవలసిన అవసరమేమి? నేత్రపటలము నడుమ పచ్చచుక్క యున్నది. దానిలో మిక్కిలి స్పష్టముగా చూపునిచ్చు గుంట చూపుకోణములో రెండు డిగ్రీలను మించి ఆక్రమింపదు. ఆ గుంటపై పడిన అక్షరములే చక్కగా కనబడును. ప్రక్కనున్నవి మసక. ఆంగ్ల పాఠకుడు ఒక ఆగుదలలో తన చూపునకు ఎడమ ప్రక్క మూడు నాలుగు అక్షరములను, కుడి ప్రక్క పదునాలుగు పదునైదు అక్షరముల మేరను మాత్రమే ఉపయోగించుకొనుచున్నట్లు 1975 నుండి జరిగిన పరిశోధనలు తెలిపినవి. కుడినుండి ఎడమకు చదువు హీబ్రూ లిపిలో ఈ లెక్క తిరుగబడును. అనగా కన్ను తాను పోవలసిన దిక్కునకు ముందుగా కొంత తడవి చూచుచు నడచుచున్నదన్నమాట.

ఇప్పుడు పంక్తి తుది చేరినది. ఇక్కడ చదువరి కన్ను ఒక పెద్ద దుముకు వేయవలెను. కుడి చివరనుండి ఎడమ చివరకు, పైగా ఒక పంక్తి క్రిందికి. దీనిని తిరుగుచూపు అనవచ్చును. ఇది తరచుగా గురికి కొంచెము ఇవతలనే పడును. పిమ్మట కన్ను చిన్న దుముకుతో దానిని సరిచేసికొనును. దూరమెక్కువైన కొలది గురి తప్పుట ఎక్కువ. గురి తప్పినచో చదివిన పంక్తినే మరల చదువుటయో, ఒక పంక్తిని దాటివేయుటయో జరుగును. వెడల్పు విషయమున రూపకర్తల వాదమంతయు ఈ తిరుగుచూపు మీదనే ఆధారపడియున్నది.

ఒక చిన్న గణితము

ఈ వాదమును ఉన్నత పాఠశాల త్రికోణమితితో పరీక్షింపవచ్చును. పంక్తికిని పంక్తికిని మధ్యనున్న దూరమును పంక్తి నిడివితో భాగించినచో తిరుగుచూపు ఏటవాలు తెలియును. పాత వికీపీడియాలో అక్షర పరిమాణము 14 పిక్సెళ్ళు. పంక్తుల మధ్య దూరము సుమారు 22 పిక్సెళ్ళు. రోమన్ అక్షరము సగటున తన పరిమాణములో సగము వెడల్పుండును. కాబట్టి ఒక్కొక్క అక్షరమునకు 7 పిక్సెళ్ళు.

తెర 1,920 పిక్సెళ్ళలో ఎడమనున్న సూచిక, అంచులు పోను పాత రూపమున వ్యాసమునకు సుమారు 1,700 పిక్సెళ్ళు మిగులును. 1,700ను 7చే భాగించినచో పంక్తికి 240కి పైబడిన అక్షరములు! తిరుగుచూపు ఏటవాలు 22/1,700. అనగా ముప్పాతిక డిగ్రీ. కొత్త రూపమున 960 పిక్సెళ్ళు, పంక్తికి 137 అక్షరములు, ఏటవాలు 1.3 డిగ్రీలు. పుస్తకములలో మేలైనదిగా చెప్పబడు 66 అక్షరముల పంక్తియైనచో 462 పిక్సెళ్ళు, ఏటవాలు 2.7 డిగ్రీలు.

ముప్పాతిక డిగ్రీ ఏటవాలుతో దుముకు కంటికి సరియైన పంక్తికిని దాని మీది పంక్తికిని భేదము దాదాపు లేదు. నిచ్చెన మెట్లు మరీ దగ్గరగా నున్నచో కాలు ఏ మెట్టుపై పడినదో తెలియనట్లే యిది. ఈ లెక్కవలన మరియొక సత్యము బోధపడును. పంక్తి పొడవు పెరిగినచో పంక్తుల మధ్య దూరమును కూడ పెంచవలెను. పొడవొకటే దోషము కాదు. పొడవునకు దూరమునకు గల నిష్పత్తియే ముఖ్యము.

పాఠ్యపుస్తకముతో పోల్చిన యెడల సంగతి మరింత తేటపడును. 12 సెంటీమీటర్ల పంక్తిని 35 సెంటీమీటర్ల దూరమున పట్టి చదివినచో అది చూపులో సుమారు 19 డిగ్రీల మేర ఆక్రమించును. 24 అంగుళముల తెర సుమారు 53 సెంటీమీటర్ల వెడల్పుండును. 60 సెంటీమీటర్ల దూరమున కూర్చున్నవానికి అది 48 డిగ్రీలు. అంత మేర చూచుటకు కన్ను చాలదు, మెడయు తిరుగవలెను. ప్రతి పంక్తికి మెడ త్రిప్పుచు గంటసేపు చదువుట ఎవరికైనను ప్రయాసయే.

కొలతలు, పరీక్షలు

ఈ విషయమున కొలతలు ఏర్పరచు ప్రయత్నము కంప్యూటరుతో ప్రారంభమైనది కాదు. 1920లలో, 1930లలో అమెరికాలో మైల్స్ టింకర్, డొనాల్డ్ పాటర్సన్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞులు అచ్చు పంక్తుల నిడివిపై అనేక ప్రయోగములు చేసిరి. మరీ పొడవైన పంక్తియు, మరీ పొట్టి పంక్తియు చదువును మందగింపజేయునని వారు కనుగొనిరి. పొట్టి పంక్తి దోషము కూడ స్మరింపదగినది: కన్ను మాటిమాటికి తిరుగవలసివచ్చును, కుడి ప్రక్క ముందుగా తడవి చూచుటకు అక్షరములు మిగులవు.

కెనడా దేశీయుడు రాబర్ట్ బ్రింగ్‌హర్స్ట్ 1992లో ప్రకటించిన అచ్చుకళా గ్రంథమున పంక్తికి 45 మొదలు 75 అక్షరములు తృప్తికరమనియు, 66 ఆదర్శమనియు వ్రాసెను. వెబ్ పుటలు వికలాంగులకును అందుబాటులో నుండవలెనని 2008లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శక సూత్రములలో, అత్యున్నత శ్రేణియందు, పంక్తి 80 అక్షరములను మించకుండ చదువుకొను వీలుండవలెనని విధించిరి. చైనా, జపాను, కొరియా లిపులకు 40.

అయితే తెరపై జరిగిన పరీక్షలు ఈ అంకెలను పూర్తిగా సమర్థింపలేదు. 2001లో ప్రకటితమైన డైసన్, హేసల్‌గ్రోవ్ అనువారి ప్రయోగమున 25, 55, 100 అక్షరముల పంక్తులను పోల్చగా 55 అక్షరముల పంక్తి మేలుగా కనబడెను. 2005లో అమెరికాలోని విచిటా విశ్వవిద్యాలయమున విద్యార్థులచే వార్తలు చదివించి చూడగా, 35, 55, 75, 95 అక్షరముల పంక్తులలో 95 అక్షరములవే వేగముగా చదువబడెను. అర్థగ్రహణములో చెప్పదగిన భేదము కనబడలేదు.

ఈ రెండవ ప్రయోగమును వెడల్పు పుటను కోరువారు తరచుగా ఉదహరింతురు. కాని వారొక సంగతిని మరతురు. 95 అక్షరములనునది కూడ కట్టడి చేసిన వెడల్పే! ఆ ప్రయోగమున 240 అక్షరముల పంక్తి లేనేలేదు. దాని బలమున తెరనంతటిని నింపుట సమంజసమని వాదించుట, ఇడ్లీలు నాలుగు తిన్నవాడు ఆరోగ్యముగా నున్నాడు గనుక నలుబది తినవచ్చుననుట వంటిది. అట్లే 66 అను అంకెను శాసనముగా ఉటంకించు రూపకర్తలును పొరబడుచున్నారు. అది అనుభవజ్ఞుడైన అచ్చుకళావేత్త సలహాయే గాని ప్రకృతి నియమము కాదు. ప్రయోగములన్నియు కలిపి చూచినచో తేలునది ఇంతే: సుమారు 50 నుండి 100 అక్షరముల వరకు చదువరికి చిక్కు లేదు, అంతకు మిక్కిలి దాటిపోవుట మంచిది కాదు.

ఆక్షేపణలు, సమాధానములు

ఇక ఆక్షేపణలను ఒక్కొక్కటిగా విచారింపవచ్చును. స్థలము వృథా యన్నది మొదటిది. కాగితమైనచో ఖాళీకి వెలయున్నది. తెరపై ఖాళీకి వెల లేదు. పుస్తకములలో కూడ అంచులు విడుచుట ఆచారమే. కాని పుట పొడవు పెరిగి, మాటిమాటికి పైకి జరుపవలసివచ్చుట మాత్రము నిజమైన నష్టమే. దీనిని రూపకర్తలు తేలికగా కొట్టివేయరాదు.

పత్రికలవలె రెండు మూడు స్తంభములుగా పేర్చరాదా అన్నది రెండవది. 1455 ప్రాంతమున గూటెన్‌బర్గ్ అచ్చు వేసిన బైబిలు కూడ రెండు స్తంభములదే. కాని కాగితమునకు అడుగు అంచు కలదు. తెరపై పుటకు అట్టి నియతమైన అంచు లేదు. మొదటి స్తంభము చివర వరకు పుటను జరిపి, రెండవ స్తంభము కొరకు మరల పైకి పోవలెను. ఇది బావిలోనికి రెండుమార్లు దిగి ఒక్క కడవ నీరు తెచ్చినట్లగును.

మన పూర్వులు తాళపత్రములపై పొడవైన పంక్తులనే వ్రాసి చదువలేదా అని మూడవ ప్రశ్న రావచ్చును. ఇది గమనింపదగినదే. ఆ పంక్తి నిడివిని నిర్ణయించినది తాటియాకు గాని చదువరి సౌకర్యము కాదు. పైగా ఆకుపై కొలదిపాటి పంక్తులే యుండును. త్రాడు కొరకు చేసిన రంధ్రము పంక్తిని నడుమ విడదీసి కంటికి గుర్తుగా నిలుచును. పాఠకుడు బిగ్గరగా, నిదానముగా చదువును. నలుబది పంక్తులు దట్టముగా నిండిన తెరకు ఈ సౌకర్యములేవియు లేవు.

నాలుగవది అన్నింటికంటె బలమైనది. ఇరుకుగా కావలసినవాడు తన కిటికీని తానే కుదించుకొనగలడు. రూపకర్త అందరిపై దానిని రుద్దనేల? దీనికి సమాధానము సగమే కలదు. కిటికీని కుదించుకొనవచ్చునని తెలిసినవాడు కుదించుకొనును. కాని చదువుట కష్టముగా నున్నప్పుడు దోషము పంక్తియందున్నదని గుర్తింపలేని బాలుడు, తనకు చదువు రాదనియే తలంచును. అట్టివాని కొరకు మొదటినుండి అనుకూలమైన పుటనే ఈయవలెను. మిగిలిన సగము మాత్రము ఆక్షేపకులదే న్యాయము: తన ఇష్టము చొప్పున మార్చుకొను హక్కు పాఠకునికి ఉండియే తీరవలెను.

ఈ రెండింటిని గీటురాయిగా తీసికొనినచో వికీపీడియా కొత్త రూపమున మూడు లోపములు కనబడుచున్నవి. వెడల్పును తగ్గించియు అక్షరమును 14 పిక్సెళ్ళుగనే ఉంచుట మొదటిది. పంక్తి 240 నుండి 137 అక్షరములకు తగ్గినది. కాని 80 దరికి రాలేదు. ఖాళీ స్థలమును చూచి పాఠకుడు పడిన చిరాకు పూర్తిది. కంటికి కలిగిన మేలు సగపుది. రెండవది, వెడల్పును మార్చుకొను మీట నొకదానిని ఇచ్చినను, ఖాతా లేని పాఠకుని ఎంపికను మొదట గుర్తుంచుకొనకపోవుట. పుట మారగానే అది చెరిగిపోయెడిది. మూడవది, వచనమునకు తగిన కొలతను పట్టికలకును అంటగట్టుట. పట్టికను ఎవరును పంక్తి వెంట పంక్తిగా చదువరు, వెదకి చూతురు. నిలువు గడులు పది యున్న పట్టికకు వెడల్పు కావలెను.

మొదటి రెండు లోపములకు పిమ్మట చికిత్స జరిగినది. ఎంపిక నిలుచునట్లు చేసిరి. 2024లో అక్షర పరిమాణమును, పుట వెడల్పును పాఠకుడే ఎన్నుకొను పట్టీ ఏర్పడినది. 16 పిక్సెళ్ళ అక్షరమైనచో 960 పిక్సెళ్ళకు సుమారు 120 అక్షరములు పట్టును. ఇంకను పెంచినచో ఇంకను తగ్గును. ఈ పని మొదటనే జరిగియున్నచో నిరసనలో చాలభాగము చల్లారియుండెడిది.

తెలుగు లిపి మాట

పైన చెప్పిన అంకెలన్నియు ముఖ్యముగా రోమన్ లిపికి కట్టినవి. వానిని తెలుగునకు తెచ్చి అతికించుట తగదు. మొదటి చిక్కు లెక్కింపులోనే యున్నది. ‘స్త్రీ’ అనునది చదువరికి ఒక్క అక్షరము. కంప్యూటరు దానిని ఆరు సంకేతములుగా దాచుకొనును. ఎనుబది అక్షరములనగా ఏ ఎనుబది? కంప్యూటరు లెక్కను నమ్మినచో పంక్తి మిక్కిలి పొట్టిదై పోవచ్చును. తెలుగున కంటికి కనబడు అక్షరములనే లెక్కింపవలెను.

రెండవది, తెలుగు అక్షరము ప్రక్కకే గాక పైకి, క్రిందికి కూడ పెరుగును. పైన గుడి, దీర్ఘము, క్రింద ఒత్తులు. రోమన్ లిపికి సరిపోవు దూరముతో తెలుగు పంక్తులను పేర్చినచో పై పంక్తి ఒత్తులు క్రింది పంక్తి గుడులను రాచుకొనును. తిరుగుచూపు దారి మూసికొనిపోవును. కాబట్టి వెడల్పును ఎంత తగ్గించినను, పంక్తుల మధ్య దూరము పెంచనిచో తెలుగు పాఠకునికి ప్రయోజనము స్వల్పము.

మూడవది, సంధులు, సమాసములు, విభక్తులు కలిసి తెలుగు మాట దీర్ఘమగును. అచ్చు పత్రికలలో మాటను ఎక్కడనైనను విరిచి తరువాతి పంక్తిలో కొనసాగించుట వాడుక. వెబ్ పుటపై సామాన్యముగా మాటల నడుమ ఖాళీ వద్దనే పంక్తి విరుగును. అందుచే పుట మరీ ఇరుకైనచో కుడి ప్రక్క గోతులు పడును; రెండంచులను సమముగా లాగినచో మాటల నడుమ కాలువలు ఏర్పడును. ఆంగ్లమునకు అనువైన ఇరుకు తెలుగునకు అతి ఇరుకు కావచ్చును. తెలుగు పుటకు కొలత తెలుగు కళ్ళతోనే నిర్ణయింపవలెను.

తరగతి గదిలో

ఈ నిర్ణయము పెద్ద ప్రయోగశాలలకు మాత్రమే పరిమితము కాదు. ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే పరీక్షింపవచ్చును. సమాన కఠినత్వము గల మూడు తెలుగు పాఠ్యభాగములను 30, 60, 120 అక్షరముల పంక్తులుగా, ఒకే అక్షర పరిమాణముతో అమర్చవలెను. విద్యార్థులను మూడు జట్లుగా చేసి, జట్టు జట్టుకు భాగముల వరుసను మార్చుచు చదివింపవలెను. పట్టిన కాలమును, పంక్తి తప్పిన పర్యాయములను వ్రాసికొని, చివర అయిదు ప్రశ్నలతో అర్థగ్రహణమును తెలిసికొనవలెను. పిమ్మట పంక్తుల మధ్య దూరమును ఒకటిన్నర రెట్లు చేసి మరల చూడవలెను. త్రికోణమితి, జీవశాస్త్రము, తెలుగు మూడును ఒకే పాఠములో కలియును.

తరగతి గదులలోనికి పెద్ద తెరలు వచ్చుచున్నవి. వానిపై తెరచిన పుట అంచునుండి అంచువరకు నిండియున్నచో వెనుక బల్లపై కూర్చున్న విద్యార్థికి ప్రయోజనమేమి? అక్షరమును పెద్దది చేసి, పంక్తిని కుదించినచో, అదే తెర వానికి పాఠము చెప్పును. వెడల్పును కట్టడి చేయు సూత్రము సరియైనదే. దానిని పిక్సెళ్ళతో గాక అక్షరములతో కొలిచి, పంక్తుల దూరముతో జోడించి, పాఠకుని చేతికి పగ్గమిచ్చి అమలు జరిపినప్పుడే అది ఫలించును. తెర ఎంత పెద్దదైనను కంటిలోని పచ్చచుక్క పెరుగలేదు. పుటను తీర్చువారు కొలవవలసినది తెరను కాదు, ఆ చుక్కను.